‘అఁట’ లోపము

తెలుఁగున ‘అఁట’ యను చిన్నమాట యొకటి కలదు. ఒరులవలన వినిన సంగతిని మఱియొకరికిఁ జెప్పునపుడు వాక్యము చివర దీనిని చేర్చుట మనకు ఉగ్గుఁబాలతో వచ్చిన యలవాటు. ‘నిన్నరాత్రి చెఱువు తెగినది’ అనువాఁడు కట్టమీఁదినుండి వచ్చినవాఁడు. ‘చెఱువు తెగినదఁట’ అనువాఁడు వీథిలో విని వచ్చినవాఁడు. ఇంగ్లీషున నీ భేదమును తెలుపుటకు ‘అని చెప్పుకొందురు’ అను నర్థముగల వేఱొక వాక్యము కావలెను; సంస్కృతమున ‘కిల’ శబ్దము కొంతవఱకీ పని చేయును; మనకు రెండక్షరములు చాలును. చెప్పువాఁడు దీనివలన రెండు సంగతుల నొప్పుకొనుచున్నాఁడు: తాను చూడలేదనుట యొకటి, తనకుఁ జెప్పినవారు వేఱొకరు కలరనుట మఱియొకటి. అందుచే వినువానికి ‘ఎవరన్నారు?’ అని యడుగుటకు వెంటనే తావు దొరకును. పాఠశాలలలో దీనిని అవ్యయములలో నొకమూలఁ బెట్టి విడుచుచున్నాము గాని, ప్రమాణవిచారమున దీని పని చిన్నది గాదు.

ఇటీవలి పది పదునైదేండ్లలో సెల్ఫోను పల్లెపల్లెకును ప్రాఁకినది. దానియందుఁ దిరుగు వార్తలును, బొమ్మలును, చలనచిత్రపుఁ దునుకలును జనుల విశ్వాసములను, తమ్ముఁగూర్చి తమకుఁ గల భావమును మార్చివేయుచున్నవని యందఱు ననుచున్నారు. సమాజశాస్త్రజ్ఞు లీ విషయమును పలుతెఱఁగులఁ బరిశీలించుచున్నారు. సాహిత్యపరిశోధకుల కిందు పనియేమి యని కొందఱడుగవచ్చును. ఆ వార్తయు నొక వాఙ్మయమే. కర్తపేరు లేని వాఙ్మయమును, నోటనోటఁ బెరుగు వాఙ్మయమును శోధించుట మనకుఁ గ్రొత్త గాదు. కావున దానిని వాఙ్మయముగనే చూచి, దాని బలమంతయు నీ ‘అఁట’ జాఱిపోవుటయందే కలదని చూపుట నా యుద్దేశము.

ముందుగ నొక పాతగాథ. మదనపల్లె సీమలోని గుఱ్ఱముకొండ పూర్వము కడపజిల్లా వాయల్పాడు తాలూకాలోనిది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపు డందుఁ జేరినది. ఆ కొండకు నొక గుఱ్ఱము కావలియఁట. అది కొండమీఁద నున్నంతకాలము కోటకు పగఱవలన భయము లేదఁట. మహారాష్ట్రనాయకుఁ డొకఁడు నిట్రమైన కొండచఱియ నెక్కిపోయి యా గుఱ్ఱమును దొంగిలించెనఁట. దొంగ కొండ దిగకమునుపే పట్టువడెనఁట గాని, మంత్రబలము చెడిపోయినదఁట. తరువాతి ముట్టడిలో కోట పడిపోయెనఁట. ఆంగ్లేయులకాలపు గెజిటీయరులలోనికిఁ గూడ నీ కథ యెక్కినది.

చరిత్రలో నీ కోట యొకమాఱు గాక పలుమాఱులు చేతులు మాఱినది. కడపనవాబులు, మహారాష్ట్రులు, హైదరాలీ, టిప్పు, అందఱును దీని నేలిరి; టిప్పు మేనమామయగు మీర్ రజా ఆలీఖాను సమాధి యిచ్చటనే కలదు. 1791లో ఆంగ్లేయసైన్యములును నిజాముసైన్యములును దీనిని ముట్టడించినవి. 1792 సంధిచే నిది నిజామునకును, 1800లో దత్తమండలములతోపాటు కుంఫిణీకిని చెందినది. ఫిరంగులును ఒప్పందములును చేసిన పనిని గాథ యొక గుఱ్ఱపుదొంగ నెత్తిమీఁదఁ బెట్టినది. ఇందొక హృదయమున్నది. ‘మేము బలహీనులమై యోడలేదు, మా కావలి దొంగిలింపఁబడుటచే నోడితిమి’ అని చెప్పుకొనుట యోడినవారి యభిమానమునకు మందు. జనులు తమ్ముఁగూర్చి తాము వ్రాసికొను చిత్రమును కథ యెట్లు దిద్దునో దీనివలనఁ దెలియును. అయినను ఈ కథవలన నెవరును చెడలేదు. దీనిని నమ్మి కొండమీఁద గుఱ్ఱమును గట్టి ఫిరంగులను దింపివేసిన కిల్లాదారుఁడు గానరాఁడు. ప్రతివాక్యము చివరను ‘అఁట’ యున్నది గదా!

ఇఁక నేఁటివార్త. 2020 ఏప్రిల్ మాసమున, కరోనాభయముచే దేశమంతయు తలుపులు మూసికొనియున్నపుడు, పుంగనూరు కుప్పముల నడిమిసీమలోని బైరెడ్డిపల్లె మండలమున నొక పల్లెలో రెండు కుటుంబములవారు, పిల్లలతోఁగూడ పది పండ్రెండుమంది, ఉమ్మెత్తగింజలను నూఱి త్రాగి యాసుపత్రి పాలైరి. అది కరోనాను దరిఁజేరనీయదని టిక్‌టాక్ అను సాధనములోని యొక తునుక చెప్పినది. వైద్యులు వెంటనే పూనుకొనుటచే ప్రాణాపాయము తప్పినది. ఆ సాధనమును కేంద్రప్రభుత్వము అదే యేడు జూన్ 29న నిషేధించినది గాని, నిషేధమునకుఁ గారణము ఉమ్మెత్త గాదు, చీనాతోడి సరిహద్దుతగవు.

వారు వెఱ్ఱివారని నవ్వి విడుచుట సులభము. నవ్వకమునుపు ఆ తునుకలోని యుక్తిని చూడవలెను. ఉమ్మెత్తకాయ ముండ్లతో నిండిన గుండ్రనికాయ. కరోనాబొమ్మయు ముండ్లతో నిండిన బంతి. ఈ రూపసామ్యమే మందునకు సాక్ష్యముగఁ బనిచేసినదని నాఁటి పత్రికలు వ్రాసినవి. రూపమునుబట్టి మందును నిర్ణయించుట యూరోపుఖండమునందును నుండినది. మెదడువలె మడఁతలున్నదని అక్రోటుకాయను శిరోవ్యాధులకుఁ జెప్పిన వైద్యగ్రంథములు వారికిఁ గలవు. కావున నిది యొక్క పల్లె తెలివితక్కువ గాదు. మానవబుద్ధికి సాదృశ్యముమీఁదఁ గల ప్రీతి.

అయితే ఆ బొమ్మ యెక్కడిది? 2020 జనవరిలో అమెరికా రోగనియంత్రణకేంద్రమునఁ బనిచేయు అలిస్సా ఎకర్ట్, డాన్ హిగిన్స్ అను ఇద్దఱు చిత్రకారులు దానిని కూర్చిరి. ఆ సూక్ష్మజీవి వ్యాసము మిల్లీమీటరులో రమారమి పదివేలవవంతు. వెలుఁగుతరంగముకంటెను చిన్నదగుటచే దానికి రంగే లేదు. బూడిదవన్నె బంతియు, ఎఱ్ఱని ముండ్లును చిత్రకారుల కూర్పు. తప్పుపని గాదది, కంటికిఁ గానరాని శత్రువును జనులు గుర్తుపట్టవలెనని చేసిన రూపకల్పన. అనఁగా పల్లెలో కాయను పోల్చి చూచినది వ్యాధితోఁ గాదు, వ్యాధికి వ్రాసిన బొమ్మతో. ఉపమానమున కుపమానము!

అప్పయ్యదీక్షితులు కువలయానందమున స్మృతి, భ్రాంతి, సందేహములను మూఁటి నొక్కచోటఁ జేర్చి చెప్పెను. మూఁటికిని మూలము సాదృశ్యమే. పోలికచే నొకటి జ్ఞప్తికి వచ్చిన స్మృతి. ఇదియో యదియో యని తూఁగిన సందేహము. ఇదియే యది యని నిలిచిన భ్రాంతి. కావ్యమున భ్రాంతి పొందునది పాత్ర గాని చదువరి కాఁడు. ముఖమును జంద్రుఁడనుకొని చకోరము వచ్చినపుడు చకోరము మోసపోవును, మనము సంతసింతుము. సెల్ఫోనులో చకోరమును మనమే. ఉపమకు ‘వలె’ యనునది వాచకము. అది పోయిన లుప్తోపమ యని లాక్షణికు లనిరి. వినికిడికి ‘అఁట’ వాచకము. అది లోపించినదానికి మాత్రము మనము పేరు పెట్టుకొనలేదు.

ఇంకొక వింత. ‘ఉమ్మెత్త’ యనునది ‘ఉన్మత్త’ శబ్దభవము. అమరమున వనౌషధివర్గమునఁ జెప్పిన దీని పేళ్లలో ఉన్మత్తము, కితవము, ధూర్తము అనునవి కలవు. కితవుఁడనఁగా జూదరి, వంచకుఁడు, ధూర్తుఁడు సరేసరి. తిన్నవానికి వెఱ్ఱి యెత్తించు మొక్క యని, నమ్మఁదగనిదని పేళ్లే చాటుచున్నవి. అట్రోపిన్, స్కోపొలమిన్ అను విషములు దానియందుఁ గలవని నేఁటి రసాయనశాస్త్రము చెప్పును. నోరెండుట, కనుపాప విచ్చుట, మతిభ్రమము వాని లక్షణములు. నిఘంటువు వేయేండ్లకుఁ బైగ నిలిపికొని వచ్చిన హెచ్చరికను కొన్ని క్షణముల బొమ్మ కొట్టివేసినది. పొలముగట్టున గొఱ్ఱెలు మేపువానికిని తెలిసిన సంగతియే యది.

ఇట గొఱ్ఱెలకాపరిని ఊరక చెప్పలేదు. న్యాయశాస్త్రము ఆప్తుని యుపదేశమునే శబ్దప్రమాణముగ గ్రహించినది. వాత్స్యాయనభాష్యము ఆప్తుఁడెవఁడని విచారించి, వస్తువును స్వయముగ నెఱిఁగి, ఎఱిఁగినదానిని ఎఱిఁగినట్లు తెలుపఁ గోరువాఁడని చెప్పి, ఋషికిని ఆర్యునకును మ్లేచ్ఛునకును లక్షణ మిదియే యని స్పష్టపఱచినది. కావున ఉమ్మెత్తవిషయమున కాపరి యాప్తుఁడు. తునుకలో మాటాడు మొగ మెవరిదో, ఏ యూరిదో, ఆ గింజలను తాను నోటఁ బెట్టినదో లేదో చూచువానికిఁ దెలియదు. తెలియకున్నను ‘అఁట’ యనుటకుఁ దోఁచదు. కంటికిఁ గనఁబడినది గదా! ఇచ్చటనే మెలిక యున్నది. తునుకను జూచుట ప్రత్యక్షము; తునుకలోని మాట శబ్దము. శబ్దము ప్రత్యక్షముయొక్క వేషము వేసికొని లోపలికి వచ్చుచున్నది. చెవితో విన్నదానిని మనము ప్రశ్నింపనేర్తుము. కంటితోఁ జూచినదానిని ప్రశ్నించుట మన పూర్వులు నేర్పినవిద్య గాదు, వారి కవసరమును లేకుండెను.

ఇది పల్లెవారి సంగతి, చదువుకొన్నవారికిఁ జెందదనుకొనుటకు వీలు లేదు. బడులలోను, సాహిత్యసభలలోను, పండితులు సైతము సంతోషముతోఁ బంచుకొను రెండువార్తలను జూతము. ప్రపంచములోని జాతీయగీతములలో ‘జనగణమన’ యుత్తమమైనదని యునెస్కో ప్రకటించినదనునది మొదటిది. యునెస్కో యట్టి ప్రకటన చేయలేదు. అయినను పతాకోత్సవదినములు వచ్చినపు డెల్ల నీ వార్త మఱలఁ బుట్టుచుండును. విచిత్ర మేమనఁగా, ఆ గీతముతో మా సీమకు నిజముగనే సంబంధ మున్నది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో మొదటఁ బాడఁబడిన యా పాటను రవీంద్రుఁడు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞానకళాశాలలో బసచేసినపుడు తానే యింగ్లీషులోనికి మార్చెను. కళాశాలాధ్యక్షుఁడగు జేమ్స్ కజిన్సుగారి భార్య మార్గరెట్ కజిన్సుగారు దాని స్వరమును వ్రాసి నిలిపిరి. వక్త, ఊరు, సంవత్సరము గల యీ సంగతి యుండఁగా, వక్తయే లేని కల్పనను నెత్తికెత్తుకొనుట మనవారి యభిరుచి!

రెండవది మనకు మఱింత దగ్గఱది: ప్రపంచలిపులలోఁ దెలుఁగులిపి రెండవ యుత్తమలిపిగ నెన్నుకోఁబడినదనునది. ఇది వట్టికల్ల గాదు. అందుచేతనే చిక్కు పెద్దది. 2012 అక్టోబరులో బాంకాకునందు ‘ప్రపంచలిపి ఒలింపిక్కులు’ అను పేర నొక పోటీ జరిగినమాట నిజము. దానిని నడపినవారు కొరియావారు; మొదటి బహుమానము కొరియాలిపికి, రెండవది తెలుఁగునకు, మూఁడవది ఇంగ్లీషులిపికి వచ్చినవి. నడపినవారు తమ లిపికే పట్టము గట్టిరను సంగతి మన వార్తలో నుండదు. ‘అంతర్జాతీయనిర్ణయము’ అని మాత్ర ముండును. లిపుల మేలుకీళ్ల నే కొలఁతతో నిర్ణయించిరని శాసనపరిశోధకులైన నడుగవలసియుండెను. అడుగకపోవుటకుఁ గారణము, అది మనలను బొగడినది. భయపెట్టువార్తను పుచ్చుకొన్నవాఁడు వైద్యునియొద్దకుఁ బోవును. పొగడువార్తను పుచ్చుకొన్నవాఁ డెవరియొద్దకును బోఁడు. ఈ రెంటిలో రెండవదియే యెక్కువకాలము నిలుచునని నా యభిప్రాయము. గుఱ్ఱముకొండ కథయు నభిమానమునకు మందే గాని, మందను గుర్తు సీసామీఁద నుండినది.

ఇప్పుడు రసవిచారమునకు వత్తును. నాటకమున భయానకమును జూచువాఁడు పాఱిపోఁడు. భట్టనాయకుఁడు దీనిని సాధారణీకరణవ్యాపారముచే సమర్థించెను: అచ్చటి భయము నాదనుటకు వలనుగాదు, పరునిదనుటకును వలనుగాదు, కావుననే యాస్వాద్యము. తన సుఖదుఃఖములలో మునిఁగినవానికి రసము లేదని యభినవగుప్తుఁడు రసవిఘ్నములను జెప్పునపుడు స్పష్టపఱచెను. సెల్ఫోనులోని వ్యాపార మిందుకు సరిగఁ దలక్రిందు. అది యెల్లరి భయమును దెచ్చి ‘ఇది నీది’ యని చేతిలోఁ బెట్టును. ఒక తునుకను జూచినవానికి యంత్రము దానిఁ బోలిన పది తునుకలను దానే యేరి చూపును. దేనిమీఁదఁ గన్ను నిలిచినదో లెక్కవేసికొని యట్టివానినే మఱికొన్నింటిని ముందుకుఁ దోయును. రచ్చబండపై నలుగురు నాలుగుమాటలు చెప్పుదురు; ఇచ్చట నొక్కమాటయే నూఱునోళ్ల వినఁబడును. మీమాంసకులు తాత్పర్యలింగములలో నభ్యాసము నొకదానిగఁ జెప్పిరి; మరలమరలఁ జెప్పఁబడినది ముఖ్యార్థమని దాని న్యాయము. ఒక్క గ్రంథమున నొక్క తాత్పర్యముతోఁ జెప్పినపు డా న్యాయము చెల్లును. యంత్రము లెక్కవేసి చేసిన యభ్యాసమునకుఁ జెల్లదు. మనస్సు మాత్ర మీ భేదము నెఱుఁగదు.

2020 ఫిబ్రవరిలో, అప్పటి చిత్తూరుజిల్లాలోనే, శ్రీకాళహస్తి ప్రాంతపు పల్లెలో నొక గృహస్థుఁడు కరోనాతునుకలను మరలమరలఁ జూచి, తనకున్న వేఱొక జబ్బును కరోనాయే యని నిశ్చయించుకొని, తనవలనఁ దన యింటివారికి ముప్పు కలుగునని ప్రాణములు విడిచెనని నాఁటి పత్రికలు తెలిపినవి. అప్పటి కాంధ్రప్రదేశమున నొక్కరికిని ఆ వ్యాధి యున్నట్లు తేలలేదు. మొదటిరోగి నెల్లూరున మార్చి 12న గుర్తింపఁబడెను. ఇచ్చట భ్రాంతి కాయకును బొమ్మకును నడుమ గాదు. తనకును బొమ్మకును నడుమ. దీనిని గూర్చి ‘అలంకారము’ అను మాట వాడుటకు మన సొప్పదు. ఆయనను మూఢుఁడనుటయు నన్యాయము. ఇంటివారిని గాపాడవలెనను ప్రేమ యాయనకుఁ గలదు. వార్త యా ప్రేమనే పనిముట్టుగఁ జేసికొన్నది.

అంతకు రెండేండ్ల ముందు, 2018 వేసవిలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి తెలుఁగుదేశమంతటను, చిత్తూరునకుఁ బొరుగైన వేలూరుసీమయందును వ్యాపించి, పలుచోట్ల నిరపరాధులగు బాటసారులు జనులచేతఁ గొట్టఁబడి చనిపోయిరి. అప్పుడు దేశమునఁ దిరిగిన తునుకలలో నొకటి పాకిస్తానులోని కరాచీలో ‘రోష్నీ’ యను పిల్లలరక్షణసంస్థ హెచ్చరికకై తీయించినది. అందు మోటారుసైకిలుమీఁది యిద్దఱు పిల్లవాని నెత్తుకొని పోవుదురు. వెంటనే తిరిగి వచ్చి వానిని దించి, పిల్ల లెంత సులభముగఁ బోవుచున్నారో తెలుపు పలకను జూపుదురు. ఆ చివరిభాగమును ఎవరో కత్తిరించిరి. ఉపక్రమోపసంహారముల యైకరూప్యము తాత్పర్యలింగములలో మొదటిది. ఉపసంహారమును గోసివేసినచో హెచ్చరికయే సాక్ష్యమగును. లోపమనునది యొక్క యక్షరముననే గాక యిట్లు ప్రకరణములోను జరుగును. క్రొత్త యబద్ధము నొక్కటియుఁ జేర్చనక్కఱ లేకపోయినది.

ఆ వేసవిలోనే జోగులాంబ గద్వాలజిల్లాలో జరిగిన పని సాహిత్యపరులు గమనింపవలసినది. మండుటెండల దినములలోను జనులు రాత్రులు ఆరుబయటఁ బండుకొనక తలుపులు బిగించుకొనుచుండుటను పోలీసులు గుర్తించిరి. అప్పటి పోలీసుసూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు ఊరి కొక్కొక్క కానిస్టేబును దత్తుచేసి, ఆయూరి వాట్సాపుగుంపులలో వారిని జేర్చి, అంతతో నిలువక, జానపదగాయకులను బిలిపించి దప్పు మ్రోయించి, వదంతి వదంతియే యని పాటలు గట్టించి పాడించిరి. ఆ సీమలో నట్టి చావు జరుగలేదు. ప్రభుత్వపు ప్రకటనపత్రము చేయలేని పనిని పాట యేల చేసినది? పాడువాఁడు ఎదుట నిలిచియున్నాఁడు; వాని యూరు తెలియును; పాట ముగిసినపిమ్మట వానిని ‘ఎవరన్నారు?’ అని యడుగవచ్చును. పాటయొక్క బలము స్వరమందుఁ గలదని మనమందఱము వ్రాయుచున్నాము గాని, ఇచ్చట బలము పాడువాని సన్నిధియందుఁ గలదు.

2018 జూలైలో వాట్సాపుసంస్థయు మఱియొకరినుండి వచ్చి పంపఁబడిన వార్తపై నా సంగతి తెలుపు గుర్తును ఉంచ నారంభించినది. భారతదేశమున నొకమాఱు ఐదుతావులకు మించి పంపరాదని కట్టడి చేసినది. 2020 ఏప్రిలులో, బైరెడ్డిపల్లెసంగతి జరిగిన నెలలోనే, పలుచేతులు మాఱిన వార్తను ఒకమా ఱొక్కతావునకే పంపవలెనని యింకను బిగించినది. ఆ గుర్తు నొకవిధమైన ‘అఁట’యే యనవచ్చును. కాని మనిషి ‘అఁట’ యనుటలో ‘నేను జూడలేదు’ అను నొప్పుకోలు కలదు. యంత్రపు గుర్తును పంపువాఁడు పలుకలేదు, అందుకొనువాఁడు చదువఁడు. పాఠశాలలలో ప్రత్యక్షకథనమును పరోక్షకథనముగ మార్చు నభ్యాసములు నేఁడును గలవు. ‘రాముఁడు వచ్చెదనని చెప్పెను’ వంటి వాక్యములతో విసిగిన పిల్లలకు వారి యింటి ఫోనులోని వార్త నొకదాని నిచ్చి, ‘అఁట’ చేర్చి తిరుగవ్రాయుఁడని యడిగిచూడవచ్చును. చేర్చిన వెంటనే వాక్యము మునుపటి బిగువు కోలుపోవుటను వారే కనిపెట్టుదురు.

గద్వాలసీమలోఁ బాడిన యా పాటలను పాడినవారి నోటనుండి, ఊరిపేరుతోను తేదీతోను సేకరించి ప్రకటించుట పరిశోధకసంఘములు చేయవలసిన పని. గుఱ్ఱముకొండగాథకుఁ బాఠాంతరములు సేకరింపఁ బూనినవారికిని ఒక మనవి. చెప్పినవాఁడు ‘అఁట’ యన్నచోట్ల నెల్ల దానిని వ్రాసికొనవలెను. వాక్యము బిగువుగ నుండుటకై సంకలనకర్తలు దానిని కొట్టివేయుట అచ్చైన జానపదకథాసంపుటములలోఁ దఱచుగఁ గనఁబడుచున్నది.